సున్నం కొట్టిన శనివారం

మా అమ్మాయి చనిపోయిన నెలలో నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరైనా నోరు మూసుకుని కూర్చుని ఉంటే, ఈ రోజుకీ వాళ్ళకి దణ్ణం పెట్టేదాన్ని. ఒక్కరూ లేరు. పాస్టరయ్యయితే దేవుడు తన తోటలోకి మంచి పూలనే కోసుకుంటాడని చెప్పాడు. పక్కవాళ్ళ దొడ్లో అడక్కుండా పూలు కోసేవాణ్ణి మా ఊళ్ళో ఏమంటారో ఆయనకి తెలియదా? అడిగేద్దామనుకున్నాను. ఇంతలో మా అత్త టీ గ్లాసు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. నేను లేచి దొడ్లోకి వెళ్ళిపోయాను.

పిల్లకి తొమ్మిదేళ్ళు. విషజ్వరం, నాలుగు రోజులు. అంతకుమించి దాని గురించి రాయను. రాస్తే ఈ కాగితం చింపేస్తాను.

మావాళ్ళలో సొంత చేలోనే సమాధి చేసే అలవాటుంది. వరికుంటపాడు దగ్గర మా ఊళ్ళో, రోడ్డుని ఆనుకుని మాకు ఎకరన్నర మెట్ట చేను ఉంది. ఏటా పొగాకు వేసేవాళ్ళం. చేను నడుమ వేపచెట్టు కింద పిల్లని పెట్టాం. ఆ ఏడు దున్నడానికి ట్రాక్టరు వస్తే, నేను గట్టు మీద అడ్డంగా నిలబడ్డాను. నా బిడ్డ చుట్టూ నాగలి తిరగడానికి వీల్లేదన్నాను. మా ఆయన నచ్చచెప్పబోయాడు.

"రోడ్డు పక్క చేను బీడు పెడితే ఊళ్ళో ఏమనుకుంటారు?"

"అనుకోనీ. వాళ్ళకి వేరే పనేముండాది?"

ట్రాక్టరు వెనక్కి పోయింది. చేను దాని దారిన అది పెరిగింది. మొదటి ఏడు పల్లేరూ వెంపలీ. రెండో ఏడు తంగేడు, బలుసు, రేగు. గట్ల పొడుగునా ముళ్ళకంప దట్టంగా అల్లుకుంది. నేను కంచె వెయ్యలేదు, కంపే కంచె అయింది. నాకు కావలసింది కూడా అదే. సానుభూతి మోసుకొచ్చే ఏ మనిషీ లోపలికి రాలేడు.

ఆత్మకూరు హైస్కూల్లో నా ఉద్యోగం. కాపురం కూడా అక్కడే. ప్రతి ఆదివారం చర్చి ఎగ్గొట్టి, ఉదయగిరిలో బస్సు మారి, ఆ చేనికి వెళ్ళేదాన్ని. కంప కింద ఒక సందుంది. చీర బిగించుకుని, దాదాపు పాకుతూ దూరాలి. లోపల తొండలుండేవి, గువ్వలుండేవి, ఒకసారి కుందేలు, మా ఊరి మాటలో చెవులపిల్లి, నా కాళ్ళ పక్కనుంచే ఉరికింది. గడ్డిలో గుడ్లు పెట్టే ఒక కంజుపిట్ట మాత్రం నన్ను చూస్తే చాలు, తిట్టినట్టు అరిచి పిల్లల్ని తోలుకుని పోయేది.

"పోవే, నీకు పిల్లలుండారని నాకు చూపిస్తా ఉండావా?" అని నేనూ తిట్టేదాన్ని.

అది నన్ను ఓదార్చడానికి రాలేదు. అందుకే దాని మీద నాకు ప్రేమ. అక్కడ గంటసేపు గొంతు పగిలేలా ఏడిస్తే, వారమంతా బడిలో పిల్లల మొహాలు చూడగలిగేదాన్ని.

ఈస్టరుకి ముందు మా ఊళ్ళో సమాధులన్నీ శుభ్రం చేసి సున్నం కొడతారు. ఆదివారం తెల్లవారుజామున పాటలు పాడుకుంటూ వెళ్ళి కొవ్వొత్తులు పెడతారు. సున్నం లేని సమాధి అంటే, ఆ మనిషికి ఎవరూ లేరని. నిరుడే చెప్పాను, నా బిడ్డ జోలికి రావద్దని. అప్పటికి ఊరుకున్నారు. ఈ ఏడు పదో తరగతి పరీక్షల డ్యూటీ పడి మూడు ఆదివారాలు నాకు రావడం కుదరలేదు. ఈస్టరు ముందు శనివారం మధ్యాహ్నం రోడ్డు మలుపులో బస్సు దిగాను. వేరే చోట దిగానేమో అనుకున్నాను.

చేను బోడిగా ఉంది. గడ్డి ఎండి పసుప్పచ్చగా నేలకి అంటుకుపోయింది. తంగేడూ రేగూ నరికి, ముళ్ళకంపతో కలిపి కుప్ప వేశారు. కుప్ప అంచున కంజుపిట్ట గుడ్లు చితికి ఉన్నాయి. నడుమ కొత్తగా సిమెంటు చేసిన సమాధి, సున్నంతో తెల్లగా మెరుస్తోంది. పక్కన బకెట్టు, కుంచె. వేపచెట్టు నీడలో మా అత్త.

"ఎవురు చెయ్యమన్నారు ఈ పని?" అని అరిచాను. రోడ్డు మీద పోతున్న ఆటో ఆగింది.

"నేనే. చర్చి సంఘం వాళ్ళని పిలిపించి గడ్డిమందు కొట్టిచ్చినా. రేపు పొద్దన్నే అందరి మింద కొవ్వొత్తులు ఎలగతాయి. ఇదొక్కటే దిక్కులేనిదై పోవాల్నా?"

"దిక్కు నేనుండాను! నా బిడ్డ అది. నన్ను అడగాల్నా వద్దా?"

మా అత్త కర్ర ఊతంతో మెల్లగా లేచింది.

"రెండేండ్లు, అమ్మే. ఆదివారం నువ్వు కంపలో దూరి పోతావు. చర్చి అయినాక నేనొచ్చి ఆ రోడ్డు మింద నిలబడతాను. నా నడుం వొంగదు. ఆ ముండ్లల్లో ఎట్టా దూరేది? నువ్వు లోపల ఏడస్తా ఉండేది ఇనపడతా ఉంటాది. నువ్వు ఆపిందాకా నిలబడి ఇంటికి పోతాను. పుట్టిన్నాడు దానికి నీళ్ళు పోసింది నేను. రెండేండ్లయింది, దాని మింద చెయ్యి పెట్టలా."

నాకు నోట మాట రాలేదని రాస్తే బాగుంటుంది. కానీ వచ్చింది.

"ఆ మాట నాతో చెప్పొచ్చు గదా!"

"చెప్పే సందిచ్చినావా నువ్వు?" అంది. కుంచె తీసుకుని మళ్ళీ సున్నం కొట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు తెల్లవారి అందరూ పాడుకుంటూ వచ్చారు. నేను ఊళ్ళో మా అత్త ఇంట్లోనే పడుకున్నాను. గడ్డిమందు కొట్టించినందుకు మా అత్తని నేను క్షమించలేదు. క్షమించానని చర్చిలో సాక్ష్యం చెప్పమన్నా చెప్పను. చచ్చిన గుడ్లకి ఎవరు జవాబు చెబుతారు?

మూడు వానలు పడ్డాక పల్లేరు మళ్ళీ మొలిచింది. తంగేడు మోళ్ళు చిగిర్చాయి. ఈసారి కొడవలి తీసుకుని, రోడ్డు నుంచి వేపచెట్టు దాకా దారి నేనే కొట్టాను. ఒక ముసలి మనిషి కర్ర పట్టుకుని నిటారుగా నడిచి వచ్చేంత వెడల్పు, అంతే. ఆ దారికి ఇటూ అటూ ఒక్క పుల్ల కూడా ముట్టుకోవద్దని అందరికీ గట్టిగా చెప్పాను.

ఇప్పుడు చర్చి అయ్యాక మా అత్త వస్తుంది. సమాధి మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. నేను మాత్రం మునుపటిలా ఏడవలేకపోతున్నాను. గొంతులోకి వచ్చినా, ముందు రోడ్డు వైపు చూస్తాను. ఆమె ఇంకా రాకపోతే ఆపుకుని కూర్చుంటాను. వచ్చాక, ఇంతసేపు ఎక్కడ చచ్చావని కసిరి, అప్పుడు ఏడుస్తాను.