తడి గోనె సంచి

సినిమాలో చెంప చెళ్ళుమంటే, ఆ చప్పుడు నటుడి చెంపది కాదు, స్టూడియోలో మైకు ముందు కూర్చున్న చప్పుళ్ళాయన చేతిది. ఎముక విరిగిందంటే ఆయన ముల్లంగి విరిచాడన్నమాట. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఉన్నది ఆయన, వదిన, ఇద్దరే.

కుర్రతనంలో ఆయన్నీ అన్ననీ నియంత మనుషులు జైలుకు ఈడ్చుకుపోయారు. దేశాధినేతట, వాడి మొహం! ఈయన గోళ్ళు పీకారు, పక్కటెముకలు రెండు విరగ్గొట్టారు. అది చాలక మీ అన్నేనంటూ మూడు రోజులపాటు గోడ అవతల దబ్‌ దబ్‌మని లాఠీ దెబ్బలు వినిపించారు. నాలుగో రోజు కాపలావాడు పళ్ళికిలించాడు.

"ఓరి పిచ్చోడా, అది తడి గోనె సంచిరా. నిన్ను హడలగొడదామని బాదాం. మీ అన్న ఎప్పుడో తప్పించుకుని సరిహద్దు దాటేశాడు."

నమ్మాడు. నమ్మక ఏం చేస్తాడు పాపం! బయటికొచ్చాక వదినకూ అదే చెప్పాడు. ముప్పై ఏళ్ళయింది. నియంత చచ్చాడు, అన్న జాడ లేదు. "ఏ దేశంలో ఏ అవస్థలో ఉన్నారో, వస్తార్లే," అంటుంది ఆ వెర్రితల్లి. ఇల్లు మారదామంటే ఒప్పుకోదు.

ఇప్పుడు ఆ నియంత మీదే సినిమా తీశారు. అందులో వాడి కొలువులో చేరిన పరదేశి ఫొటోగ్రాఫర్ని జైల్లో చితకబాదే ఘట్టానికి దెబ్బల చప్పుడు కావాలి. చప్పుళ్ళాయనకు తెలియనిదా! గోనె సంచి నానబెట్టి లాఠీతో బాదాడు. రికార్డు చేసింది విన్నాడు. ఊహూఁ. ఇసుక నింపి బాదాడు. ఊహూఁ. గుడ్డపీలికలు కుక్కాడు, బియ్యం పోశాడు. ఆయన చెవుల్లో ఉన్న చప్పుడికీ దీనికీ పొంతనే లేదు.

"బానే ఉంది కదండీ, కానిచ్చేద్దాం," అన్నాడు రికార్డింగతను.

"ఆగవయ్యా!"

మాంసం కొట్టుకు పోయి ఎముకతో సహా పెద్ద తొడ మోసుకొచ్చాడు. బల్ల మీద పడేసి ఒక్కటి వేశాడు.

అదే.

ఇంకోటి వేశాడు. అదే చప్పుడు. అంటే ఆ మూడు రోజులూ వాళ్ళు కొట్టింది సంచిని కాదు. మాంసం చిట్లి మొహాన పడుతున్నా, ఎముక నుగ్గునుగ్గవుతున్నా ఆయన చెయ్యి ఆగలేదు. "లంజాకొడకల్లారా, లంజాకొడకల్లారా!" అని అరుస్తూ బాదుతూనే ఉన్నాడు. రికార్డింగతను పరుగున వచ్చి లాఠీ లాక్కున్నాడు.

ఇంటికెళ్ళేసరికి వదిన తలుపు తీసి, చొక్కా మీద నెత్తురు చూసి కెవ్వుమంది.

"అయ్యో అయ్యో, ఎవరు కొట్టారయ్యా నిన్ను?"

"నన్ను కాదు వదినా," అంటూ గుమ్మంలోనే కూలబడ్డాడు. "అన్నని."