ఎబెన్ మామ సందుల గోడ

దక్షిణ అట్లాంటిక్ సముద్రం నడుమ ఉన్న మా ట్రిస్టన్ దీవిలో ఊరికీ బంగాళాదుంప మళ్లకీ మధ్య గంట నడక. ప్రతి మడి చుట్టూ అగ్నికొండ కక్కిన నల్లరాళ్ల గోడ ఉంటుంది. అది లేకపోతే సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పుకు ఆకంతా మాడిపోతుంది. ఆకు పోతే దుంప ఊరదు.

మా పక్క మడి ఎబెన్ హేగన్ మామది. కొండ పేలి అందరం ఇంగ్లండులో తలదాచుకున్న రెండేళ్లూ, అక్కడి సిమెంటు గోడలు చూస్తే ఊపిరాడేది కాదట ఆయనకి. ఇక్కడ ఆయన గోడ నిండా సందులే. మా ఆయన టోబిన్ వేళాకోళం చేసేవాడు.

"మామా, నీ గోడలోంచి గొర్రె దూరిపోతుంది."

"గొర్రె దూరదురా, గాలి దూరుతుంది. దారిస్తే అది గోడ జోలికి రాదు."

టోబిన్ మాత్రం సందులన్నీ చిన్నరాళ్లతో, మట్టిపెళ్లలతో కూరి కట్టాడు. ఆ గోడంటే ఆయనకి గర్వం.

పోయిన మార్చిలో టోబిన్ చనిపోయాడు. జూలై గాలికి గోడ మొత్తం కూలింది. సెప్టెంబరులోగా విత్తన దుంపలు నాటకపోతే ఏడాదంతా నాకు తిండి లేదు. మామ గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు.

"ఆయన కట్టినట్టే కట్టండి మామా. ఒక్క సందూ వద్దు" అన్నాను.

మామ గడ్డపార దించాడు. వెంట వచ్చిన ఆయన భార్య లెట్టీ అత్త ఊరుకోలేదు. "ఆ గోడ ఏటా ఏదో ఒక మూల పడేదే పిల్లా. గాలి తగ్గగానే ఈ ముసలాయన టీ కూడా తాగకుండా వచ్చి, టోబిన్ చూడకముందే రాళ్లెత్తి పెట్టేవాడు."

"నోరు ముయ్యవే."

"ఇరవై ఏళ్లు మూసుకున్నాను, చాలదా?"

"ఆయనతో ఎందుకు చెప్పలేదు మామా?" అని అడిగాను.

"వాడు దానికి ఆనుకుని కూర్చుంటే చూడ్డానికి బాగుండేదమ్మా. ఎలా చెప్పను?"

కాసేపు ఆ రాళ్ల మీదే కూర్చున్నాను. తర్వాత లేచి, "మీకు తెలిసినట్టే కట్టండి" అన్నాను. నేను రాళ్లందించాను, ఆయన పేర్చాడు. నాలుగు రోజులు పట్టింది. గడువు దాటకుండా దుంపలు నాటేశాను.

జనవరిలో మూడు రోజులు గాలి విడవలేదు. వెళ్లి చూస్తే గోడ ఈల వేస్తోంది, లోపల ఆకు పచ్చగా ఉంది. అక్కడే కళ్లు తుడుచుకున్నాను.

ఫిబ్రవరిలో తవ్వుతుంటే మామ వచ్చి ఒక దుంప చేతిలో తిప్పాడు.

"చిన్నది. గొర్రె ఎరువు చాల్లేదు. వచ్చే ఏడు ఇంకో నాలుగు బస్తాలు వెయ్యి."

"వచ్చే ఏడు వేస్తాను మామా" అన్నాను. వచ్చే ఏడు అన్న మాట నా నోట రావడం టోబిన్ పోయాక అదే మొదలు.