సినిమా ఆపి అడిగిన సార్

దిల్‌సుఖ్‌నగర్‌లో సినిమా హాలు ముందు నుంచి వెళ్తుంటే పాప్‌కార్న్ వాసన తగిలింది. విక్టర్ సార్ గుర్తొచ్చారు. క్లాసుకు వచ్చేటప్పుడు ఆయన చేతిలో ఎప్పుడూ ఆ పొట్లం ఉండేది.

మా డిగ్రీ కాలేజీలో ఆయన వ్యక్తిత్వ వికాసం చెప్పేవారు. పుస్తకం తెరిచేవారు కాదు. సినిమా వేసి, నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోట టక్కున ఆపేవారు. “ఈడ ఎవ్వలు మాట్లాడ్తలేరు? గా మనిషినే చూడుండ్రి” అనేవారు. ఒకసారి, ఊరంతా కలిసి ఒక ముసలామెను వెలివేసే సన్నివేశం. మేమంతా ఆవేశపడిపోయాం. సార్ వెనక్కి తిప్పారు. “ముందుగాల ఒకడు నవ్విండు, చూసిన్రా? అందరు ఆ నవ్వుల కలిసిన్రు. వెలి అప్పుడే అయిపోయింది. ఇగ చెప్పుండ్రి, గీళ్లల్ల మీరెవ్వలు?” నా స్నేహితురాలు సరిత, “నేనైతే నవ్వెటోళ్లల్లనే ఉంటుంటి సార్” అని వెక్కివెక్కి ఏడ్చింది.

కాలేజీలో సినిమాలేమిటని కొందరు తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. ప్రిన్సిపాల్ తన గదికి సార్‌ను, లెక్చరర్లను, విద్యార్థుల తరఫున నన్నూ సరితనూ పిలిచారు. “ఏం విక్టర్ గారూ, ఇవాళ మ్యాట్నీయా, ఫస్ట్ షోనా?” అన్నారు. అందరూ నవ్వారు. సరిత కూడా. నేను లేచి, “ఆ క్లాసులనే మమ్ముల మేము చూస్కున్నం సార్” అన్నాను. దానికీ నవ్వారు. విక్టర్ సార్ తల వంచుకుని కూర్చున్నారు. సాయంత్రానికి ఆయన ఉద్యోగం పోయింది.

బస్టాపులో అడిగాను, “మీరెందుకు మాట్లాడలే సార్?”

“భయమైందమ్మా. ఇంతమందికి చూపెట్టిన గని, గా కుర్చీల కూసుంటే ఎట్లుంటదో నాకే ఎర్క లేకుండె.”

తర్వాత ఏ కాలేజీలోనూ ఆయనకు పని దొరకలేదు. బడంగ్‌పేట్‌లో వాళ్లింటికి వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. “టీవీల సినిమా ఒస్తే లేసి పోతడు బిడ్డా. మంది నడుమ కూసోడు. చర్చికి సుత ఒస్తలేడు” అంది ఆయన భార్య. నేను వచ్చానని చెప్పినా ఇటు తిరగలేదు. పోయిన వానాకాలం ఆయన చనిపోయారు. సమాధి దగ్గర ఆయన విద్యార్థుల్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఇప్పుడు నా ఆఫీసు ఎల్బీనగర్‌లో. మొన్నామధ్య మీటింగులో మేనేజరు ఒక కొత్త అమ్మాయి మీద జోకు వేశాడు. మిగతావాళ్లు అందుకునేలోపే “ఆగండి” అన్నాను. నవ్వు ఆగలేదు, నా మీదికి తిరిగింది. “నా కోసం మీరెందుకు ఆగమైతరక్కా?” అంది ఆ అమ్మాయి బయటికొచ్చాక. కొన్నాళ్లకే ఉద్యోగం మానేసింది.

సార్ నాకు చూడటం నేర్పారు. చూసినదాన్ని ఎలా ఆపాలో ఆయనకూ తెలియదు. గదిలో ఎవరు ఒంటరి కాబోతున్నారో నాకు అందరికంటే ముందే తెలిసిపోతుంది. కుర్చీ లాక్కుని వాళ్ల పక్కన కూర్చుంటాను. అంతకుమించి ఏమీ చేయలేను.