సువార్త వెనక పన్ను

మా చిన్నప్పుడు... పక్కింటి సువార్త ఒక రోజంతా నోరు తెరవలేదు.

కొల్లేటి గట్టున మా ఊరు. రెండువేల నాలుగో, ఐదో... ఇద్దరం నాలుగో తరగతి. సువార్తకి కింది దవడలో చివరి పన్ను పుచ్చింది. రెండు రోజులు లవంగం పెట్టి చూశారు. మూడో రోజు పొద్దున్నే వాళ్ళ నాన్నమ్మ, సంతలో పళ్ళు పీకే ఆయన్ని ఇంటికే పిలిపించింది.

ఆయన అరుగు మీద గుడ్డ పరిచి పటకారు పెట్టాడు. నాన్నమ్మ అప్పటికే పేడముద్ద చేసి ఉంచింది. ఊడిన పాలపన్నుని పేడలో పెట్టి పెంకుల మీదకి విసిరితే కొత్తది వస్తుందని మా ఇళ్ళల్లో నమ్మకం.

"పాలపన్నేనే అమ్మా... పీకేస్తే మళ్ళీ వస్తుంది. నోరు తెరు," అంది నాన్నమ్మ.

"రాదు! ఇది నేను బళ్ళో చేరాక వచ్చిన పన్ను. డాక్టరమ్మగారు చెప్పారు."

నిజమే. ఆ నెలలోనే ఏలూరు నుంచి ఒక డాక్టరమ్మగారు మా బడికి వచ్చి అందరి పళ్ళూ చూశారు. ఆరేళ్ళప్పుడు అన్నిటికన్నా వెనక ఒక పన్ను వస్తుందనీ, ఏదీ ఊడకుండానే వస్తుంది కాబట్టి పెద్దవాళ్ళు దాన్ని పాలపన్ను అనుకుంటారనీ, పోతే మళ్ళీ రాదనీ చెప్పారు. మేమంతా ఆవిడ తెచ్చిన బ్రష్షుల కోసం కొట్టుకుంటున్నాం. విన్నది సువార్త ఒక్కతే.

"చూశారా అండీ, నాకు పళ్ళ పాఠం చెబుతోంది!" అని నాన్నమ్మ నవ్వింది. పళ్ళాయనా నవ్వాడు.

"నీ నోట్లో ఎన్ని మిగిలాయేంటి నాన్నమ్మా?"

ఆ రోజుకి అదే ఆఖరి మాట. సువార్త పెదాలు బిగించేసింది.

బతిమాలారు... తిట్టారు... ముక్కు మూశారు. లాభం లేదు. పళ్ళాయన గుడ్డ మడిచి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం కొరమీను పులుసు వండి ఎదురుగా పెట్టారు. ముట్టలేదు.

సాయంత్రం వాళ్ళ నాన్న చేపల చెరువు నుంచి వచ్చాడు. వాచిన బుగ్గ చూసి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. సువార్త పలక తీసి రాసింది... ఏలూరు.

మర్నాడు బస్సెక్కారు. సువార్త పట్టుబట్టడంతో నేనూ వెళ్ళాను. డాక్టరమ్మగారు పుచ్చు గీకేసి వెండిరంగు సిమెంటు నింపారు. "ఎవరు తీసుకొచ్చారమ్మా నిన్ను?" అని అడిగారు.

"నేనే వీళ్ళని తీసుకొచ్చానండీ."

పెద్దయ్యాక ఆ మొండిపిల్లనే పెళ్ళి చేసుకున్నాను. ఎండురొయ్యలు ఆ పక్కనే నమిలేది... పంతానికి.

పోయిన ఏడాది సువార్త పోయింది. ఆ పన్ను చివరిదాకా ఉంది.

మా పాపకి ఇప్పుడు ఆరేళ్ళు. వెనక పన్ను వచ్చింది. పుచ్చు పట్టకుండా దాని గుంటల్లో పూత వేయించడానికి బయలుదేరితే మా మేనత్త గుమ్మంలో నిలబడింది.

"పాలపన్నుకి పూతేంటి బాబూ? తల్లి లేని పిల్లని ఆ కుర్చీ ఎక్కించి ఏడిపిస్తావా?"

"వాళ్ళమ్మ చెప్పిందండీ," అన్నాను.

పూత వేయించుకొచ్చాను. పాప ఏడవలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో పెంకుటిళ్ళు లేవు... అన్నీ డాబాలే. పలకలూ లేవు. 'పాలపన్నే కదా' అన్న మాట మాత్రం ఎక్కడికీ పోలేదు.

మీ ఇంట్లో ఆరేళ్ళ పిల్లలుంటే ఇవాళే నోరు తెరిపించి వెనక పన్ను చూడండి. మీ చిన్నప్పుడు ఇలా నోరు బిగించి నెగ్గినవాళ్ళు ఎవరైనా ఉంటే కింద రాయండి... పాపకి చదివి వినిపిస్తాను.