నడిపి చూపించిన ప్రాసెసర్

2023 వానాకాలం. కరీంనగర్‌లో కోర్టు రోడ్డుకు కాస్త లోపలగా నా కంప్యూటర్ దుకాణం. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవాళ్లు పెళ్లి వీడియోల ఎడిటర్లు, ఇళ్ల నమూనాలు గీసేవాళ్లు. వాళ్ల పనికి పెద్ద మిషన్ కావాలి, కొత్తది కొనే స్తోమత ఉండదు. అలాంటివాళ్లకు ఒక దారి ఉంది. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడిన సర్వర్లను ఒక్కసారే తీసేస్తాయి. వాటిలోంచి ఊడదీసిన ప్రాసెసర్లు, అంటే లెక్కలన్నీ చేసే అసలు చిప్పులు, హైదరాబాద్ డీలర్ల దగ్గర చౌకగా దొరుకుతాయి. సరైన మదర్‌బోర్డు మీద కూర్చోబెడితే కొత్త మిషన్‌కు తీసిపోవు. నేనే ఎన్నో కట్టి ఇచ్చాను, ఇప్పటికీ ఇస్తున్నాను. సరుకులో తప్పు లేదని ముందే చెప్పేస్తున్నా. నా ఒళ్లు మండేది మనుషుల మీద.

మందమర్రి నుంచి ఎస్తేరు అనే అమ్మాయి అలాంటి ప్రాసెసర్ ఒకటి కొనుక్కుని నా దగ్గరికి వచ్చింది. భవనాల నమూనాలు గీయడం ఆమె పని. అప్పటిదాకా వేరేవాళ్ల స్టూడియోలో వాళ్ల పేరు మీదే గీసింది. ఇప్పుడు వాళ్ల చర్చికి కొత్త మందిరం కట్టాలనుకున్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు నమూనాలు చూసి పని ఎవరికివ్వాలో తేలుస్తారు. హైదరాబాద్ నుంచి ఒక సంస్థ కూడా వస్తోంది. కట్టబోయే మందిరంలో నడుస్తున్నట్టు చూపించే వీడియో తయారుచేస్తే తనకే వస్తుందని ఎస్తేరు ఆశ. ఆమె పాత ల్యాప్‌టాప్ ఆ వీడియో సగం కూడా చేయలేక ఆగిపోతోంది.

"అన్నా, నా పేరు మీద వచ్చే మొదటి పని గిది. శనారం కల్లా మిషన్ చేతికి రావాలె," అంది.

వెంట వాళ్ల బాపు లాజరు కూడా వచ్చాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. మహా జాగ్రత్తపరుడు. ప్రాసెసర్ కొనేటప్పుడు పట్టుబట్టి, డీలర్ చేత వీడియో కాల్‌లో నడిపించి చూశాకే డబ్బు పంపించాడట.

"బాయిల దిగేముందు లైటు ఎలిగిచ్చి చూడకుండ ఒక్కనాడు దిగలే బిడ్డా. గిది సుత గంతే. నడిపి చూపియ్యమన్న, చూపిచ్చిండు," అన్నాడు.

నేను బోర్డు మీద ప్రాసెసర్ పెట్టి, ర్యామ్ పెట్టి, స్విచ్ వేశాను. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద ఏమీ రాలేదు. ర్యామ్ మార్చాను, కాంటాక్టులు తుడిచాను, ఇంకో బోర్డు మీద పెట్టి చూశాను. ఉలుకూ పలుకూ లేదు. అప్పటికే లాజరు బస్సుకు టైమైందని మందమర్రి వెళ్లిపోయాడు. చివరికి డీలర్ వీడియోను ఎస్తేరు ఫోన్లో రికార్డు చేసుకుందంటే, చూపించమన్నాను. అందులో ప్రాసెసర్ శుభ్రంగా నడుస్తోంది. కాకపోతే తెర మీద మొదట వెలిగింది ఒక పెద్ద సర్వర్ కంపెనీ గుర్తు. అది చూడగానే సంగతి అర్థమైంది.

దీన్ని మా పనిలో వెండర్ లాక్ అంటారు. కొన్ని కంపెనీల సర్వర్లలో కొన్ని రకాల ప్రాసెసర్లను ఒక్కసారి పెట్టి ఆన్ చేస్తే చాలు, చిప్పు లోపల సన్నని ఫ్యూజులు కాలిపోయి అది ఆ కంపెనీ బోర్డులకే కట్టుబడిపోతుంది. వేరే బోర్డు మీద ఇక లేవదు. మళ్లీ విప్పడం ఎవరి తరమూ కాదు. భద్రత కోసమే అంటారు. ఉండొచ్చు. కానీ తాళం పడిందని చిప్పు మీద ఒక చుక్కయినా పెట్టరా? డబ్బు పెట్టి కొన్నవాడికి తన సొత్తు తనది కాదని ఎలా తెలియాలి?

అక్కడే డీలర్‌కు ఫోన్ కలిపాను.

"నడుస్తది గద సార్, వీడియోల చూసిన్రు," అన్నాడు.

"ఏ బోర్డుల నడుస్తది?"

"గది ఆళ్లు అడుగలే."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చినట్టు తిట్టాను. కాసేపటికి వాడు దారికొచ్చి, తాళం పడనిది ఇంకోటి ఉంది, మార్చి ఇస్తానన్నాడు. నేను విడమరిచి చెప్పాను. "దాన్ని నీ సర్వర్ల పెట్టకు. పెట్టినవంటే అది సుత లాకైతది. ఉన్నది ఉన్నట్టు పంపు, నేను ఈడ చూస్కుంట." వాడు సరే సరే అన్నాడు. తెలియక కాదు, వాడికి నాకంటే బాగా తెలుసు.

శుక్రవారం లాజరు మందమర్రిలో ఇంట్లో ఉండి, ఎవరికీ చెప్పకుండా డీలర్‌కు ఫోన్ చేశాడు. ఒకసారి మోసపోయిన మనిషి, తాళం సంగతి తెలియదు. ఈసారీ నడిపి చూపియ్యకుంటే తీసుకునేది లేదన్నాడు. ఆ డీలర్ ఒక్క మాట చెబితే సరిపోయేది. "కాకా, నడిపితే పాడైతది" అంటే చాలు. చెప్పలేదు. అదే సర్వర్‌లో పెట్టి, ఆన్ చేసి, చూడు పెద్దాయనా అని చూపించి, పార్సిల్ కట్టి బస్సులో వేశాడు.

శనివారం ఎస్తేరు ఒక్కతే వచ్చింది. పెట్టి చూశాం. ఫ్యాన్లు తిరిగాయి, అంతే. మళ్లీ ఫోన్ చేస్తే వాడు ఏమన్నాడో తెలుసా?

"ముసలాయననే అడిగిండు సార్. కస్టమర్ అడిగితే చూపియ్యనా? గా కంపెనీ బోర్డు నా దగ్గరనే ఉన్నది, కావాలంటే తీస్కోండ్రి."

బోర్డు అమ్ముకోవడానికే ఇదంతా అని అప్పుడు తెలిసింది. పుండు మీద కారం చల్లి, కారానికి కూడా ధర చెబుతున్నాడు. ఎస్తేరు ఫోన్ స్పీకర్‌లో అంతా వింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అన్నా, బాపు అడుగుడుతోనే రెండోది పోయిందా?"

అవునన్నాను.

"గా ముచ్చట బాపుకు చెప్పకు. నా పని పోతే పోనీ."

వాడి బోర్డు కొన్నా ఆదివారానికి అందదు. ఇంకో మిషన్ కోసం ఊరంతా ఫోన్లు చేశాను. ఆ పని తట్టుకునేది ఒక్కటీ ఖాళీగా దొరకలేదు. ఆదివారం ఎస్తేరు ల్యాప్‌టాప్‌లో బొమ్మలు మాత్రమే చూపించింది. హైదరాబాద్ వాళ్లు రంగురంగుల వీడియో వేశారు. పని వాళ్లకు పోయింది. సంఘ పెద్ద ఒకాయన, "మిషనే సక్కగ కొననోళ్లకు మందిరం ఎట్ల అప్పజెప్తం" అన్నాడట. మోసం చేసినవాణ్ని ఎవరూ ఏమీ అనలేదు. మోసపోయిన పిల్లను నలుగురిలో నిలబెట్టి అన్నారు.

అప్పటి నుంచి సెకండ్ హ్యాండ్ సర్వర్ ప్రాసెసర్ ఎవరు తెచ్చినా నడిచిందా అని అడగను. దేంట్లో నడిపాడని అడుగుతాను. సమాధానం చెప్పని డీలర్ దగ్గర సరుకు ముట్టనివ్వను.

వారం తిరిగాక, ఆ ప్రాసెసర్ కోసం నా దగ్గర కొన్న మదర్‌బోర్డు వాపసు ఇవ్వడానికి లాజరు వచ్చాడు. టీ తెప్పిస్తే తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు.

"బిడ్డా, రెండోది నా కండ్ల ముంగటనే నడిపిండు. నేను ఫోన్ చేసుడే తప్పయిందా ఏంది? ఎస్తేరును అడిగితే చెప్తలేదు. గదే పరేషాన్ అయితుంది, నిద్ర పడ్తలేదు."

"నీ తప్పేం లేదు కాకా," అన్నాను. "వాడు తెలిసే చేసిండు. తెలిసి నీ బిడ్డ పని చెడగొట్టిండు."

ఆయన తలూపి టీ తాగాడు. నేను చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.