పోతమ్మ దవడ

జాలరిపేట పోతమ్మ నోటికి జడిసి ఆమెతో బేరమాడేవాళ్లు తక్కువ. గోపాలపట్నం బజారులో చేపల గంప దించిందంటే ఆ కేక వీధి చివరిదాకా వినిపించేది. ఆ నోటికే గండం వచ్చింది. ఎడమ దవడ కింద గోళీకాయంత వాపు లేచి, చూస్తుండగానే నిమ్మకాయంత అయింది.

ఆమె యారాలు, అంటే తోడికోడలు, సూర్యకళ కూడా అక్కడే చేపలమ్ముతుంది. వాళ్ల మొగుళ్లైన అన్నదమ్ములు పడవ పంచుకున్న నాటినుంచి ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. సందు దొరికింది కదా అని సూర్యకళ కొనేవాళ్ల చెవుల్లో ఊదింది.

"దానికి కేన్సరమ్మా. ఆ సేత్తో ముట్టిన సేపలు ఎలా తింతారో మరి."

పోతమ్మ గంప దగ్గర జనం పలచబడ్డారు.

ఆసుపత్రిలో డాక్టర్ అనూరాధ పరీక్షలు చేయించి, కేన్సర్ కాదు, నీటితిత్తి అని తేల్చింది. కానీ అది లోపలి ఎముకను చాలా మేర తినేసింది.

"తిత్తి తీసేశాక ఆ గుల్లలో సన్నటి వలలాంటిది పెడతామమ్మా. వెంట్రుక కన్నా ఎంతో సన్నని నారలతో చేసింది. మీ ఎముక కణాలే దాన్ని పట్టుకుని పాకి కొత్త ఎముక కడతాయి. నారలు మెల్లగా కరిగిపోతాయి. ఇది ఇంకా పరిశోధనలో ఉంది. కొందరికి పట్టింది, కొందరికి పట్టలేదు."

"అంటే నామీద సదువుకుంతారా?" పోతమ్మ కళ్లెర్రజేసింది.

"మీకిష్టం లేకపోతే తుంటి నుంచి ఎముక ముక్క తీసి పెడతాం. కొన్నాళ్లు నడక కష్టమవుతుంది."

తుంటి కోయించుకుని మంచాన పడితే సూర్యకళ పండగ చేసుకుంటుంది. ఆ ఒక్క మాట తలుచుకునే పోతమ్మ వలకి ఒప్పుకుంది.

ఆపరేషన్ అయ్యాక పైపళ్లకీ కిందిపళ్లకీ తీగలు బిగించి నోరు కట్టేశారు. ఇంట్లో గొట్టంతో గంజి పీల్చుకుంటుంటే సూర్యకళ చూడ్డానికొచ్చి గుమ్మంలో కూర్చుంది.

"నీ సోట్లో నాను కూకుంతన్నాన్లే అక్కా. బేరాలు బాగున్నాయి."

పోతమ్మ గంజిగ్లాసు విసిరింది. అది తలుపుకి తగిలి, గంజి సూర్యకళ చీర మీద పడింది. సూర్యకళ నవ్వుకుంటూ లేచి వెళ్లిపోయింది. పోతమ్మ ఆ రోజు ఏడ్చింది, నొప్పికి కాదు, తిట్టలేక.

నెలలు గడిచాయి. తీగలు తీశారు. ఎక్స్‌రేలో ఇదివరకు గుల్లగా, నల్లగా ఉన్న చోట తెల్లటి పొగలాంటిది కనిపించింది.

"ఎముకే," అంది అనూరాధ. "గట్టివి కొరక్కండి. దెబ్బ తగలనివ్వకండి."

మర్నాడే పోతమ్మ గంపతో బజారుకెళ్లింది. పాత చోట సూర్యకళ.

"లెగు."

సూర్యకళ లేవలేదు. కొనేవాళ్ల వైపు తిరిగి, "సచ్చినోడి ఎముక పెట్టించుకొచ్చిందమ్మా," అంది.

"అవునే, నీ మొగుడిదే. ఇంటికెల్లి సూసుకో."

బజారంతా నవ్వింది. సూర్యకళ పోతమ్మ జుట్టందుకుంది. పోతమ్మ ఒక చేత్తో దవడ కాచుకుని రెండో చేత్తో కొట్టింది. రెండు గంపల కవళ్ల చేపలూ పక్కనున్న మురుక్కాలవలో పడ్డాయి. బజారు పెద్ద చలమయ్య విడదీసి, పాత చోటు పోతమ్మకిచ్చి, సూర్యకళను ఎదర వరసకి పంపాడు.

గిరాకీ సగమే తిరిగొచ్చింది. పోతమ్మ కింది పెదవి ఎడమవైపు మొద్దుబారింది, మాట కొంచెం జారుతుంది. ఆ జారుడు మాటను సూర్యకళ ఎదురుగా కూర్చుని రోజూ అనుకరిస్తుంది. పోతమ్మ ఊరుకోదు. మొన్న సూర్యకళ కూతురి పెళ్లికి పోతమ్మ ఇంటికి పిలుపు రాలేదు. పెళ్లిమేళం గుమ్మం ముందు నుంచి వెళ్తుంటే, పోతమ్మ తలుపేసుకుంది.