నురగ రాని సబ్బు, నవ్వలేని పెళ్లికూతురు

హైదరాబాద్ పాతబస్తీ మొఘల్‌పురాలో మేం అద్దెకుండే మేడ కింద ఇంటివాళ్లమ్మాయి పెళ్లి సందడి మొదలయ్యేదాకా, నా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఎవరికీ పెద్దగా పనికిరాలేదు. అడగక కాదు. మా గల్లీలో కెమిస్ట్రీ చదివిన మనిషి సీసాలో ఉన్న ప్రతిదానికీ జవాబుదారీ. ఫినాయిల్ అసలుదా నకిలీదా, అత్తరు చొక్కా మీద మరకెందుకు వేసింది, ఆవకాయ మీద బూజెందుకు పట్టింది, అన్నీ నన్నే అడిగేవారు. నేను చేసేది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. ఆ సంగతిని ఎవరూ అడ్డంకిగా భావించలేదు.

పెళ్లికూతురు నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె నవ్వు మా గల్లీకి ఒక సదుపాయం. కరెంటు పోయినా అది మాత్రం ఉండేది. కూరగాయల బండివాడు ధర చెప్పినా నవ్వేది, తగ్గించినా నవ్వేది. అలాంటి పిల్ల ఒక సాయంత్రం నన్ను కిందికి పిలిచి, తలుపేసి, దుపట్టా తీసింది. బుగ్గలు ఎర్రగా కంది, ముక్కు పక్కన పొట్టు లేస్తూ, మొత్తం ముఖం ఎండలో ఆరేసిన అప్పడంలా బిగుసుకుపోయి ఉంది.

"అక్కా, నువ్వైతే జోకులెయ్యకు. నవ్వితే మండుతుంది."

"నేనింకా నోరే తెరవలే."

"నీ మొఖం సూస్తేనే నవ్వొస్తది, నేనేం చెయ్యాలె!" అంటూనే నవ్వింది, వెంటనే రెండు చేతులతో బుగ్గలు పట్టుకుని "హాయ్ అల్లా" అంది.

కారణం కిటికీ గట్టు మీదే వరసగా నిలబడి ఉంది. నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచి చూడ్డానికి వచ్చిన ఫుప్పూలు, అంటే మేనత్తలు, పిన్నమ్మలు తలా ఒక సబ్బో ఫేస్‌వాషో తెచ్చారు. చందనం, నిమ్మ, వేప, బొగ్గు, ముత్యం. వీటిలో ఒకటి ఎంచుకుని వాడితే సరిపోయేది. ఈ పిల్ల అన్నీ వాడింది. పొద్దున ఒకరిది, మధ్యాహ్నం ఇంకొకరిది, సాయంత్రం మరొకరిది.

"అన్నీ ఎందుకే?"

"ఒక్కలది వాడి ఇంకొకల్లది వాడకుంటే లొల్లి గాదా అక్కా? ఫుప్పూలు వచ్చినప్పుడల్లా సబ్బు అరిగిందా లేదా అని సూస్తున్రు. పెద్ద ఫుప్పూ అయితే ఎత్తి బరువు గూడ సూసింది."

బంధుత్వాలన్నీ సమానంగా నిలబెట్టుకున్న ముఖం అది. కాస్త కందింది, అంతే.

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్లారట. ఆయన ఇవన్నీ ఆపేయమన్నాడు. సువాసన లేని, తేమను పోనివ్వని మృదువైన క్లెన్సర్ ఏదైనా వాడమన్నాడు. కొన్నాళ్లు ఇంకేమీ పూయొద్దన్నాడు. ఏ క్లెన్సరో మాత్రం చీటీ మీద రాయలేదు. మందు రాయని డాక్టరు సగం డాక్టరేనని ఇంట్లో తేల్చేశారు. మిగతా సగం పూర్తి చేసే బాధ్యత నా మీద పడింది.

అసలు ఫికర్ అది కాదు. వచ్చే వారం మాంఝా. పెళ్లికి ముందు పిల్లకి పసుపుబట్టలు కట్టి కూర్చోబెట్టి, ఇంటి ఆడవాళ్లందరూ ఒకరి తర్వాత ఒకరు చిక్సా పూస్తారు. చిక్సా అంటే పసుపు, చందనం, శనగపిండి, ఇంకా ఏవేవో కలిపిన నలుగు. ఆ ఇంట్లో చిక్సా నూరేది వాళ్ల దాదీ, నాన్నమ్మ. ఆ ఇంట పెళ్లయిన ప్రతి ఆడపిల్లకీ ఆవిడ చేత్తో నూరిందే. వద్దంటే ఆవిడ మనసు విరుగుతుంది. పూయించుకుంటే ఈ ముఖం నిఖా రోజుకి టమాటా.

"నా పెళ్లిల నేను నవ్వాలె అక్కా. గంతే. ఇంకేం నక్కో," అంది. నవ్వకుండా అంది కాబట్టి విషయం తీవ్రమైనదని అర్థమైంది.

మర్నాడు ఇద్దరం షాలిబండలో ఒక ఫ్యాన్సీ దుకాణానికి వెళ్లాం. ఆమె నఖాబ్‌లో ఉంది, కళ్లు తప్ప ఏమీ కనపడవు. దుకాణం భాయ్ ఆ కళ్లు చూసే చర్మం గురించి ఒక నిర్ణయానికి వచ్చేశాడు.

"పెళ్లికూతురికా? ఇది తీస్కోండి మేడమ్. వారం రోజులల్ల చమక్."

నేను ట్యూబు తిప్పి వెనక చదవడం మొదలుపెట్టాను. ఆయనకది మర్యాదగా అనిపించలేదు.

"మేడమ్, ముంగట సూడాలె. ఎనక ఎవరు సూస్తరు?"

"ముందు ఫోటో ఉంది భాయ్. లోపల ఏముందో వెనకే రాస్తరు."

"లోపల ఏముంటది? క్రీముంటది!"

ఈ జవాబులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. పక్కన నఖాబ్ వణకడం మొదలైంది. "నవ్వకు," అన్నాను. "నవ్వుతలే," అంది నఖాబ్, వణుకుతూనే.

ఆమెకి వెనకవైపు చదవడం నేర్పాను. పెళ్లి కార్డులో పేర్లు ఎలాగో ఇదీ అంతే. ఏది ఎక్కువుంటే దాని పేరు ముందు. తోక చివర ఉన్నవాళ్లు భోజనానికి మాత్రమే వస్తారు. ఈ ట్యూబు ముందువైపు బాదం, గులాబీ నిండుగా విచ్చుకున్నాయి. వెనక చూస్తే సువాసన పేరు కూడా దాటి, రంగుకి కాస్త ముందు, బాదం బిక్కుబిక్కుమంటూ నిలబడి ఉంది. పైన పెద్దమనిషిలా కూర్చున్నది సల్ఫేటు. నురగ బాగా తెస్తుంది. మురికితో పాటు చర్మం తనకోసం దాచుకున్న నూనెను కూడా ఊడ్చుకుపోతుంది. కడిగాక ముఖం కిరకిరలాడితే శుభ్రమైందనుకుంటాం. గిన్నె కిరకిరలాడొచ్చు. బుగ్గ ఆడకూడదు.

"మరి ఏది ఉండాలె?"

"గ్లిజరిన్ పైన ఉండాలె. అది నీళ్లను పట్టుకుంటది. హయలురోనిక్ అని ఒకటుంటది, దానిదీ అదే పని. సెరమైడ్ ఉంటే ఇంకా మంచిది. మన పాత గోడలల్ల రాళ్ల నడుమ గచ్చు ఉంటది చూడు, చర్మంల అట్ల. నువ్వు నీ గచ్చంతా కడిగేస్కున్నవ్."

"హాయ్, నా గోడ కూల్తున్నదా?"

"సున్నం మాత్రమే రాల్తుంది."

నఖాబ్ మళ్లీ వణికింది. లోపల్నుంచి "మండుతుంది, మండుతుంది" అని వినపడింది.

చివరికి అట్టడుగు అరలో, దుమ్ము పట్టిన తెల్ల ట్యూబు ఒకటి దొరికింది. నీళ్లు, గ్లిజరిన్, మెత్తగా కడిగే ఒకటి రెండు పదార్థాలు, సెరమైడ్లు. సువాసన లేదు, రంగు లేదు. సిటియరైల్ ఆల్కహాల్ అన్న పేరు దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. అది మైనంలాంటి కొవ్వు పదార్థమని, మత్తుకూ దానికీ సంబంధం లేదని, చర్మాన్ని ఎండబెట్టదని, మెత్తబరుస్తుందని చెప్పాను. ఆమె నమ్మింది. "ఇది దాదీకి నువ్వే చెప్పు," అని మాత్రం అంది.

దుకాణం భాయ్ ఆ ట్యూబు అమ్మడానికి సిగ్గుపడ్డాడు. "మేడమ్, దీంట్ల ఖుష్బూ లేదు, కలర్ లేదు, నురగ గూడ రాదు. పెళ్లిపిల్లకు గిది ఇస్తరా? నా దుకాణం పేరు చెప్పకుండ్రి మరి."

ఇంటికొచ్చాక ముందు దవడ కింద కొద్దిగా రాసి చూశాం. మంట లేదు, దురద లేదు. తర్వాత అసలు పరీక్ష మొదలైంది. దాదీ వచ్చి ఎదురుగా కూర్చుంది.

పెళ్లికూతురు ముఖం తడిపి, కొంచెం తీసుకుని, వేళ్ల కొసలతో మెల్లగా రాసి, గోరువెచ్చని నీళ్లతో కడిగేసింది. దాదీ నురగ కోసం ఎదురుచూసింది. రాలేదు. ఇంకాసేపు చూసింది.

"నురగేది?"

"రాదు దాదీ."

"ఖరాబ్ మాల్ అంటగట్టిండు. నురగ రాకుంటే మైల పోయిందని మైలకెట్ల తెలుస్తది?"

దాదీ తన ముంజేతికి కొంచెం రాసుకుంది, కడుక్కుంది, నిమురుకుంది. "మలాయి లెక్కుంది," అంది చివరికి. మెచ్చుకున్నట్టు మాత్రం వినపడకుండా జాగ్రత్తపడింది.

పైన మా అమ్మ అభిప్రాయం వేరు. మాది కోస్తా. ఈ గల్లీ యాస నాకంటింది కానీ అమ్మకి అంటలేదు. మా అమ్మకి సున్నిపిండి తప్ప ఇంకేదీ ముఖానికి పూసే వస్తువు కాదు. కింద దాదీకి చిక్సా తప్ప ఏదీ కాదు. మేం ఆ ఇంట్లో దిగిన దగ్గర్నుంచి ఇద్దరి మధ్య పిండి తగాదా మెట్ల మీద మర్యాదగా నడుస్తూనే ఉంది.

"శనగపిండితో ముఖం రుద్దితే బజ్జీ అవుతుంది కానీ పెళ్లికూతురవుతుందా? పెసలుండాలండీ," అనేది అమ్మ.

"పెసలు మీరు అట్లేస్కుని తింటరు గద బెహన్. పిల్లకెందుకు?" అనేది దాదీ.

ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చింది ఒక్క ట్యూబు విషయంలోనే. అది ఒట్టి దండగ.

మాంఝా దగ్గరపడేసరికి పొట్టు రాలడం తగ్గింది, ఎరుపు గులాబీ రంగులోకి దిగింది. పెళ్లికూతురు ఒకవైపు పెదవితో చిరునవ్వు నవ్వే స్థాయికి వచ్చింది. నేను ధైర్యం చేసి దాదీ దగ్గరికెళ్లాను. చిక్సా చేతులకీ కాళ్లకీ పూయండి, ముఖానికొద్దు అన్నాను.

దాదీ రోకలి ఆపింది. "నా చిక్సాను ఫెయిల్ చేస్తున్నవా?"

"లేదు దాదీ. అందులో ఏమేం ఉన్నయో చెప్తే..."

"శనగపిండి, పసుపు, చందనం, గులాబి రేకలు, నారింజ తొక్క, కచోరం. ఇంగొకటి."

"ఇంకొకటి ఏంది?"

"అది చెప్పను. నా అత్త నాకు చెప్పింది, నేను నీకెందుకు చెప్పాలె?"

ఏం కలిపారో చెప్పని కంపెనీతో వాదించి గెలవడం కష్టం. పుండైన చర్మానికి మంచి వస్తువు కూడా మంట పెడుతుందని, మళ్లీ ఆ ముఖం పగిలితే నిఖా నాడు పిల్ల నవ్వలేదని మాత్రం చెప్పాను. దాదీ మళ్లీ దంచడం మొదలుపెట్టింది. ఆ దంపు చప్పుడును బట్టి నేను ఓడిపోయాననుకున్నాను.

మాంఝా సాయంత్రం ఇల్లంతా పసుపుగా ఉంది. పరదాలు పసుపు, బంతిపూలు పసుపు, పీట మీద పెళ్లికూతురు పసుపు. నలుగురు అమ్మాయిలు ఆమె తలపైన పెద్ద పసుపు దుపట్టా పందిరిలా ఎత్తి పట్టుకున్నారు. అమ్మా నేనూ ముందు వరసలో కూర్చున్నాం. గల్లీ చివరిదాకా చిక్సా వాసన వెళ్లింది. చేతులకి పూశారు, కాళ్లకి పూశారు. ఇక పెద్ద ఫుప్పూ, సబ్బు బరువు చూసిన ఫుప్పూ, గాజులు పైకి తోసుకుని గుప్పెడు చిక్సాతో ముఖం మీదికి వంగింది. పెళ్లికూతురు నా వైపు చూసింది. నేను దేవుడి వైపు చూశాను.

"రుకో!" అంది దాదీ.

ఫుప్పూ చెయ్యి గాల్లో ఆగింది.

"గది చేతులకు. మొఖానికి వేరే నూరిన. ఖాస్." కొంగు కింద నుంచి వెండి గిన్నె ఒకటి తీసి దుపట్టా పందిరి కిందికి జరిపింది. "చెయ్యి కడుక్కొని రా. తర్వాత గిది పుయ్యి. మెల్లగ, రుద్దకు. నీ పిల్ల మొఖం అనుకో, రొట్టెల పెంక అనుకోకు."

గిన్నెలో మెత్తగా, మెరుస్తూ, పసుపు రంగులో ఏదో ఉంది. అదీ చిక్సాయే అనుకున్నాను. అంతలో ఒక అమ్మాయికి చెయ్యి నొప్పెట్టి దుపట్టా అంచు వదిలింది. ఆ కాస్త సందులోంచి ట్యూబులైటు పడి గిన్నె తెల్లగా కనపడింది. పాలలా తెల్లగా. దాదీ చటుక్కున ఆ అంచు పట్టి పైకి లాగింది. గిన్నె మళ్లీ పసుపైంది.

నేను దాదీ వైపు చూశాను. దాదీ గోడ వైపు చూసింది.

మా అమ్మతో సహా ఆడవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు వచ్చి, దీవెనలు పలుకుతూ, డాక్టరు చెప్పిన మృదువైన క్లెన్సర్‌ను శాస్త్రోక్తంగా పూసి వెళ్లారు. నా లెక్కలో ఒక సీజన్‌కి సరిపోవాల్సిన ట్యూబు ఆ సాయంత్రమే ఖాళీ అయింది. ప్రపంచంలో ఏ ఫేస్‌వాష్‌కీ ఇన్ని దీవెనలు దక్కి ఉండవు.

"అమ్మీ, ఈసారి ఎంత నున్నగ నూరినవ్! నా పెళ్లికైతే గరుకుగ పూస్తివి!" అంది పెద్ద ఫుప్పూ, వేళ్లు రుద్దుకుంటూ.

"ఔ మల్ల," అంది దాదీ, రెప్ప వేయకుండా. "చేతులు పడిపోయినయ్ నూరలేక."

అంతే. పసుపు పందిరి కింద ఏదో పేలింది. ముందు ఊపిరి బిగబట్టిన చప్పుడు, తర్వాత కీచుమన్న ఒక సన్నని కూత, ఆ తర్వాత మా గల్లీ చాలా రోజులుగా వినని నవ్వు. ఆమె నవ్వుతుంటే పీట కదిలింది, దుపట్టా పట్టుకున్న అమ్మాయిలు ఎందుకో తెలియకుండానే నవ్వడం మొదలుపెట్టారు, పందిరి కూలి అందరి మీదా పడింది. లోపల్నుంచి "అక్కా, మండుతలే! మండుతలే అక్కా!" అన్న కేక. ఏం మండట్లేదో తెలియని ఫుప్పూలు పిల్లకి దిష్టి తగిలిందని ఉప్పు కోసం పరుగెత్తారు.

దాదీ తడి మెత్తటి గుడ్డతో ఆమె ముఖం తానే తుడిచింది. గోరువెచ్చని నీళ్లే, అద్దుతూ. చెయ్యి ఊపుతూ నన్ను దగ్గరికి పిలిచి, "నురగ రాకుంటే ఏంది? నవ్వొచ్చింది," అని గొణిగింది. తర్వాత ఇంకా మెల్లగా, "ఇంగొక ట్యూబు తెచ్చిపెట్టు, నిఖాదాక గావాలె. ఎవరికన్న చెప్పినవంటే కిరాయి పెంచుత," అంది.

ఫుప్పూలు ఆ ఖాస్ చిక్సాలో ఏం కలిపారో చెప్పమని వెంటపడ్డారు. అన్నీ చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పనంది.

అమ్మా నేనూ పైకి వచ్చేశాం. అమ్మ తన వేళ్లు వాసన చూసుకుంది, రుద్ది చూసుకుంది, చాలాసేపు ఆలోచించింది. ఆవిడ ముఖంలో ఏళ్ల తరబడి సాగిన వాదనలో నెగ్గిన మనిషి శాంతి కనపడింది.

"చూశావుటే? శనగపిండి మానేసింది ఆవిడ. అంత నున్నగా ఉందంటే మన పెసరపిండే. ఒప్పుకోదులే, పెద్దావిడ, పోనీ."

నేను అవునన్నాను. కింద మళ్లీ నవ్వు మొదలైంది. ఈసారి ఎందుకో నాకూ తెలియదు. మెట్ల తలుపు తీసి పెట్టి, అలాగే కూర్చున్నాం.